పాడ్యమి నాటి పరుగు

మా అత్త నోట్లో ఒక సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తెల్లవారుజామున నేను లేచి షూ దులుపుకునే చప్పుడు వినబడితే చాలు, మంచం మీద నుంచే "పరిగెత్తి పాలు తాగేదానికంటే నిలబడి నీళ్ళు తాగేది మేలు" అంటుంది. నేను మాత్రం ఊరుకుంటానా? నాకు పాలూ వద్దు నీళ్ళూ వద్దు, మూడున్నర గంటలు చాలు అంటాను.

మారథాన్‌ని మూడున్నర గంటల లోపు పూర్తి చేయాలన్నది నా పంతం. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం. కిలోమీటరుకు ఐదు నిమిషాలు కూడా పట్టకూడదు, ఎక్కడా ఆగకూడదు. అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ భంగపడ్డాను. రెండోసారైతే ఇంకాస్త దూరం ఉందనగా పిక్కలు పట్టేసి, చెన్నైలో రోడ్డు పక్కన కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. నలభై దాటిన మనిషిని, బళ్ళో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని, అలా ఏడవడం ఏమిటని ఇప్పటికీ అనిపిస్తుంది. మూడోసారి పేరిచ్చాక ఇంట్లో అందరి ముందూ ఒక మాట అన్నాను. ఈసారీ కాకపోతే షూ అటక మీద పడేసి మళ్ళీ ముట్టుకోనని. కోపంలో అన్న మాట. మా అత్త దాన్ని గట్టిగా పట్టుకుంది.

మాది చిల్లకూరు దగ్గర పల్లె. మా ఆయన వరి పండిస్తాడు. మా మేనమామ కొడుకే కాబట్టి పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. నాతో పాటు పరిగెత్తేది ఆయన చెల్లెలు, మా ఆడబిడ్డ. పక్క వీధిలోనే కాపురం, రెండేళ్ళ కూతురు. పొడుగు కాళ్ళు, తొణకని మనిషి. టైము గురించి ఆమెకు ఏ పట్టింపూ లేదు కానీ, ఒకసారి వేగం అందుకుందంటే గీత గీసినట్టు అదే వేగంలో పోతుంది. నాకు మొదట్లో ఎగిరిపడి చివర్లో చతికిలబడే రోగం ఉంది. ఆమె పక్కనుంటే ఆ రోగం కాస్త అదుపులో ఉంటుంది. రేసులో కూడా నా పక్కనే పరిగెత్తుతానని మాట ఇచ్చింది. మా అత్త మాత్రం ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి, దానికి నీ మాదిరి పిచ్చి లేదు, బిడ్డ తల్లి, భద్రంగా తీసుకురా అని నాకు అప్పజెప్పేది.

మామూలు రోజుల్లో పొలాల మధ్య రోడ్డు మీదే పరిగెత్తేవాళ్ళం. వారానికొకసారి దూరం పోవాల్సి వచ్చినప్పుడు హైవే మీద లారీలకు భయపడి సముద్రం వైపు వెళ్ళేవాళ్ళం. జాలర్ల పల్లె దాటాక రోడ్డు అయిపోతుంది. అక్కడ ఒక ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు. మొగ దాటి అవతలికి పోతే ఇక మనిషి లేడు, కుక్క లేదు. తడి ఆరని గట్టి ఇసుక, ఎంత దూరం పోతే అంత దూరం. అలాంటి నేల దొరకడం మా అదృష్టం అనుకునేదాన్ని.

మా పద్ధతి ఒకటే. స్కూటీ సరుగుడు చెట్ల కింద పెట్టి, ఫోన్లు డిక్కీలో వేసి తాళం వేసేవాళ్ళం. చెప్పులు నీటి అంచుకు కొంచెం ఎగువన విడిచి, షూ లేసులు ముడేసి మెడలో తగిలించుకుని, మోకాలి లోతు కూడా లేని నీళ్ళలో నడిచి అవతలికి చేరి, అక్కడ షూ తొడుక్కునేవాళ్ళం. పడవల కోసం ఎదురుచూస్తూ ఒక అవ్వ ఎప్పుడూ ఇవతలి ఒడ్డున కూర్చుని ఉండేది. ఇంట్లో ఎవురు తరుముతుండారమ్మా మిమ్మల్ని అని మమ్మల్ని ఆటపట్టించేది. మా అత్త అని చెప్పేదాన్ని. ఆ అవ్వకు నవ్వాగేది కాదు.

మా ఆయన ఒక్కసారి కూడా అక్కడికి రాలేదు. సముద్రమంటే ఆయనకు చచ్చేంత భయం. మాఘ పౌర్ణమికి మా ఇంటిల్లిపాదీ సముద్ర స్నానానికి పోతే, ఆయన పాదాలు తడుపుకుని వెనక్కి వచ్చి అందరి చెప్పులకూ బట్టలకూ కాపలా కూర్చుంటాడు. ఎకరాల కొద్దీ నీళ్ళు పెట్టే రైతువి, నీళ్ళంటే ఇంత భయమేంది బావా అని నేను వేళాకోళం చేస్తుంటాను. మళ్ళో నీళ్ళు నేను చెప్పినట్టు వింటాయి అంటాడు.

రేసుకు మూడు వారాల ముందు పరుగే అసలు పరీక్ష. ముప్పై రెండు కిలోమీటర్లు, అందులో చివరి పది రేసు వేగంతో. ఆ పది నిలబెట్టుకోగలిగితే మూడున్నర గంటలు నా చేతిలో ఉన్నట్టే, లేదంటే అటకే గతి. దాన్ని ఆదివారం పెట్టుకున్నాను. తీరా చూస్తే ఆ ఆదివారం అమావాస్య.

మా వైపు అమావాస్య నాడు మడక కట్టరు. ఇప్పుడు మడకలు లేకపోయినా ట్రాక్టరు కూడా చేలో దించరు. మా అత్త ఒప్పుకోలేదు. నువ్వు పోతే పో, నా కూతుర్ని మాత్రం అమావాస్య పూట ఏరు దాటించొద్దు అంది. మాకు ఫోన్లో శిక్షణ చెప్పే ఆయన చెన్నై మనిషి. ఆయనకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోయాడు. వాళ్ళకు అమావాస్య మంచి రోజట, ఏ పనైనా మొదలుపెట్టొచ్చట. పొద్దున్నే లేచి ఇద్దరి పంచాంగాల మధ్యా నేను నలగాలా? సరే, సోమవారానికి మార్చేశాను. అమావాస్య పోయి పాడ్యమి వస్తుంది, మా అత్త శాంతిస్తుంది, ఒక్కరోజులో కొంపేం మునగదు అనుకున్నాను. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పోటు మీదుంటుందని ఎనిమిదో తరగతికి ఏటా చెప్పేది నేనే. పాఠం బళ్ళోనే వదిలేసి వచ్చాను.

సోమవారం ఇంకా చీకటిగా ఉండగానే మొగ దగ్గరికి చేరాం. ఎప్పుడూ ఆదివారం వచ్చేవాళ్ళు ఈ రోజు వచ్చినారే అంది అవ్వ. నిన్న అమావాస్య కదవ్వా, అది పోయిందని వచ్చాం అన్నాను. పోయిందిలే అని తన పనిలో తాను పడింది. పోటు సంగతి తెలిసే వచ్చామని ఆమె అనుకుంది. నీళ్ళు ఆ రోజు మోకాళ్ళను తాకాయి. ఆడబిడ్డ ఒకసారి కిందకి చూసి ముందుకు నడిచింది.

ఆ పరుగు గురించి చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పోయేటప్పుడు మాటలు చెప్పుకుంటూ పోయాం. వెనక్కి తిరిగాక కొంతసేపటికి ఆమె మాటలు ఆపేసింది, నేనూ ఆపేశాను. చివరి పది మొదలైంది. ఎడమ పక్క నుంచి ఎండ చెంప మీద పడుతోంది, కుడి పక్కకు తిరిగి ఆమె ముఖం చూడాలంటే కూడా ఊపిరి దండగ అనిపించేది. చూసేదల్లా వాచీనే. ఐదు నిమిషాల లోపు, మళ్ళీ లోపు, మళ్ళీ లోపు. ఒకచోట పిక్కలో సన్నగా లాగింది. చెన్నై రోడ్డు పక్కన ఏడ్చింది గుర్తొచ్చింది. ఆడబిడ్డ నా వైపు చూడకుండానే అడుగు పొట్టి చేసింది, నేనూ పొట్టి చేశాను. లాగడం ఆగింది. మా కాళ్ళ కింద గట్టి ఇసుక సన్నబడుతూ, అలలు మమ్మల్ని పైకి మెత్తటి ఇసుకలోకి నెడుతున్నాయని తెలుస్తూనే ఉంది. అది కూడా వేగానికి అడ్డమనే విసుక్కున్నాను తప్ప ఎందుకలా అని ఆలోచించలేదు.

మొగ కనబడేసరికి ఆగిపోయాం. పొద్దున మేం నడిచిన చోటు లేదు. ఇసుక అంచు కోసుకుపోయి గట్టులా నిలబడింది. సముద్రం ఏట్లోకి ఎదురెక్కుతోంది. ఒక థర్మోకోల్ ముక్క మా కళ్ళ ముందే ఏరు లోపలికి దూసుకుపోయి మలుపు తిరిగి మాయమైంది. అవతలి ఒడ్డు చూస్తే వెడల్పు మూడింతలైంది. సరుగుడు చెట్ల కింద స్కూటీ చిన్నగా కనబడుతోంది.

వెనక చూస్తే మనిషి లేని ఇసుక, ముందు చూస్తే నీళ్ళు. తొమ్మిదింటికి బళ్ళో ప్రార్థన. ఆడబిడ్డ కూతురు లేచే వేళ. నీళ్ళు తగ్గేదాకా కూర్చుందాం అంది ఆమె. ఎప్పుడు తగ్గుతాయో ఎవరికి తెలుసు? ఒడ్డున కూర్చుంటే మా అత్త ఏమంటుందో తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. నడుము దాకా ఉంటాయేమో, నేను ముందు పోయి చూస్తా, లోతు లేకపోతే నువ్వు రా అన్నాను. మా ఇద్దరికీ ఈత రాదు.

షూ మెడలో వేసుకుని దిగాను. మోకాళ్ళు, తొడలు, నడుము. నీళ్ళు పక్క నుంచి తోస్తున్నాయి, ముప్పై రెండు కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్ళు నిలబడనంటున్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే మధ్యకు చేరతానని వేశాను. రెండో అడుగుకే కింద ఇసుక లేదు.

అరవడానికి నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు దిగాయి. పైన వెలుతురు కనబడి పోయింది, మళ్ళీ కనబడింది. ఏరు నన్ను లోపలికి ఈడ్చుకుపోతోంది. ఆ కొద్దిసేపట్లో నాకు మా ఆయనా గుర్తు రాలేదు, దేవుడూ గుర్తు రాలేదు. వెనకాలే ఆడబిడ్డ కూడా దిగుతుందేమో, దిగొద్దని ఎవరు చెబుతారు అన్న భయం ఒక్కటే. మలుపు దగ్గర మోకాలికి బురద తగిలింది. చేతులతో బురదను పట్టుకుని పాకుతూ గట్టెక్కాను. బయల్దేరిన ఒడ్డునే, ఏరు లోపలికి దూరంగా తేలాను.

ఆమె గట్టు వెంబడి ముళ్ళ మీద పడి పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను కూర్చోబెట్టి, వీపు మీద చరిచి, నేను నీళ్ళన్నీ కక్కేదాకా ఉండి, అప్పుడు అంది.

"నువ్వు పోయింటే మాయన్నకి నేనేం చెప్పాల వదినా?"

ఎప్పుడూ తొణకని మనిషి గొంతు వణుకుతోంది. ఇంక నీళ్ళ జోలికి పోవద్దు, వంతెన మీదుగా చుట్టు తిరిగి పోదాం అంది. ఏరు ఒడ్డు వెంబడి లోపలికి పోతే వంతెన, అక్కడి నుంచి మళ్ళీ అవతలి పక్కన సముద్రం దాకా రోడ్డు. పది కిలోమీటర్లకు తక్కువుండదు. నడిస్తే మధ్యాహ్నమవుతుంది. తడిసిన షూ తొడుక్కుని, మలుపు దగ్గర నుంచే రొయ్యల గుంటల గట్ల మీద పడి మెల్లగా పరుగందుకున్నాం. పంట పట్టేసి గుంటలన్నీ ఎండగట్టి ఉన్నాయి, కాపలావాడు కూడా లేడు.

ఎవరేమైనా అనుకోండి, జరిగింది జరిగినట్టు చెబుతాను. మొదట వణుకుతూ పరిగెత్తాను. తర్వాత వణుకు పోయింది. వంతెన ఎక్కేసరికి నాలో ఏదో తిరగబడింది. చావు తప్పి బయటపడ్డ ఒళ్ళు, పట్టేయాల్సిన పిక్కలు పట్టేయలేదు, ఊపిరి నా మాట వింటోంది. వేగం పెంచాను, ఒళ్ళు ఒప్పుకుంది. మూడున్నర గంటలు నాదే, ఇక నన్నెవరూ ఆపలేరు అనిపించి నాలో నేనే నవ్వుకున్నాను. వంతెన పక్కన టీ కొట్టు ఉంది. అక్కడ ఫోన్ అడిగి ఇంటికి చెబుదామంది ఆడబిడ్డ. నేను వాచీ చూసుకుని, ఇంకాసేపట్లో మనమే పోతాం కదా అన్నాను. ఆమె ఇంకోసారి చెప్పలేదు.

ఆ సమయానికి మొగ దగ్గర ఏం జరుగుతోందో నాకు తర్వాత తెలిసింది. మాలో ఒకామె నీళ్ళలోకి దిగడం అవ్వ తన ఒడ్డు నుంచి చూసింది. తల మునగడం చూసింది. మలుపు అటుపక్క ఉండడంతో నేను గట్టెక్కడం ఆమెకు కనబడలేదు. రెండో ఆమె పరిగెత్తింది, ఆమె కూడా మళ్ళీ కనబడలేదు. ఇవతలి ఒడ్డున పోటు అంచులో మా చెప్పులు రెండు జతలు తడుస్తుంటే అవ్వ వాటిని తీసి ఒళ్ళో పెట్టుకుని కేకలు వేసింది. స్కూటీ డిక్కీలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయట. చేసింది మా ఆయన. ఎత్తకపోయేసరికి బండేసుకుని వచ్చాడు.

మేం సరుగుడు చెట్లు దాటి వచ్చేసరికి ఒడ్డంతా జనం. రెండు పడవలు ఏట్లో తిరుగుతున్నాయి. ఎవరో పోయినట్టున్నారు వదినా అంది ఆడబిడ్డ. నాకూ అలాగే అనిపించి అయ్యో పాపం అనుకున్నాను. తర్వాత స్కూటీ కనబడింది, డిక్కీ పగలగొట్టి ఉంది. తర్వాత అవ్వ ఒళ్ళో నా చెప్పులు కనబడ్డాయి.

మా ఆయన మెడ లోతు నీళ్ళలో ఉన్నాడు. నడుముకు వల తాడు కట్టి, రెండో కొస ఇద్దరు జాలర్లు పట్టుకున్నారు. మునిగి వెతకడం ఆయనకు రాదు. అందుకని కాళ్ళతో వెతుకుతున్నాడు. ఒక్కో అడుగూ జరుపుతూ నేలంతా పాదాలతో తడుముతున్నాడు. నీళ్ళు గడ్డం దాకా వస్తే కళ్ళు మూసుకుంటున్నాడు, పోగానే మళ్ళీ తడుముతున్నాడు. ఏం తగులుతుందని వెతుకుతున్నాడో అప్పుడు అర్థమైంది.

అవ్వ మమ్మల్ని చూసి జాలర్లకు చెయ్యెత్తి చూపించింది. తాడు లాగారు. చెల్లెలు ఎదురు పరిగెత్తి ఆయన్ను పట్టుకుని బావురుమంది. నేనేం చేశానో తెలుసా? తిట్టాను. భయమొస్తే నాకు ముందొచ్చేది కోపమే.

"ఈత రానోడివి, నీళ్ళలోకి ఎందుకు దిగినావు?"

ఆయన వణుకుతూ నడుముకున్న ముడి విప్పుకుంటున్నాడు. తలెత్తి నన్ను చూశాడు.

"నీకొచ్చా?"

అంతే. నా చేతికి వాచీ ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపడానికి కూడా చెయ్యి రాలేదు.

ఇంట్లో మా అత్త పల్లెత్తు మాట అనలేదు. అమావాస్య వద్దని పట్టుబట్టింది తనే అన్న బాధ ఆమెకుంది. మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, నిన్ననే పోనిచ్చింటే బాగుండునేమో అంది. నిన్నటి నీళ్ళు కూడా తక్కువవి కాదని, పోటు ఎరిగి పోకపోవడం నా తప్పేనని చెప్పాను. ఆ వారమంతా ఆమె సామెత చెప్పలేదు. అది వినబడకపోతే తెల్లవారినట్టే లేదు. వినబడ్డానికి నేను లేచి పరిగెత్తిందీ లేదు. షూ ఉప్పు కడిగి, ఎండబెట్టి, అన్న మాట ప్రకారం అటక మీద పెట్టేశాను. ఎవరూ పెట్టమనలేదు. ఆ తడుముతున్న కాళ్ళు కళ్ళముందు నుంచి పోవడం లేదు, ఇంక పరుగేమిటి?

మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, అడిగితే ఊ అన్నాడు. తిట్టినా బాగుండునని ఏడుపొచ్చేది. ఆదివారం తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే పక్కన లేడు. వాకిట్లో బండి స్టార్టు చేసి ఉంది. గుమ్మం ముందు నా షూ ఉంది. చెల్లెలు అప్పటికే వెనక సీటు మీద కూర్చుని ఆవలిస్తోంది.

"ఏరు దాటొద్దు. ఈ పక్కనే, నాకు కనపడేట్టు పరిగెత్తండి" అన్నాడు.

ఈ పక్కన ఉన్నది పడవలకూ కుక్కలకూ వలలకూ మధ్య కాసింత ఇసుక. అందులోనే అటూ ఇటూ తిరిగాం. మేం షూ తొడుక్కోగానే మా చెప్పులు నాలుగూ ఆయన చేతిలోకి తీసుకున్నాడు. ఇసుకలో పెట్టలేదు. ఒక్కసారి కూడా కింద పెట్టకుండా, మేం తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. అవ్వ నవ్వబోయి మానుకుంది. ఇంటికొచ్చేసరికి మా అత్త వాకిట్లో నిలబడి, పరిగెత్తి పాలు తాగేదానికంటే, అని మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చెన్నైలో రేసు రోజు ఆయన కూడా వచ్చాడు. ఆడబిడ్డ మాట తప్పలేదు, గీత గీసినట్టు నా పక్కనే పరిగెత్తింది. చివర్లో పిక్క లాగింది. పోయినసారి కూర్చుండిపోయిన చోటు వచ్చింది, దాటింది. ఆఖరి మలుపు తిరిగేసరికి కళ్ళు బైర్లు కమ్మి ముగింపు గీత పైనున్న గడియారం అంకెలు అలుక్కుపోయాయి. గీత దాటి వాచీ నొక్కి, కళ్ళు తుడుచుకుని చూశాను. మూడున్నర లోపే. ఒక నిమిషం కూడా మిగల్లేదు కానీ, లోపే. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని అక్కడే కూలబడ్డాం.

జనాన్ని తోసుకుంటూ ఆయన వచ్చాడు. రెండు చేతుల్లో రెండు జతల చెప్పులు. వంగి నా ముందొక జత, చెల్లెలి ముందొక జత పెట్టాడు. టైము చూసినావా బావా అని అడిగాను.

"చూళ్ళా" అన్నాడు. "అంత జనంలో మీ కాళ్ళ కోసం చూస్తా ఉండినా."